మూడేళ్ళ బిడ్డ పగలంతా ఎక్కడ ఉంటుంది?



మీరు పిల్లల వార్డు బయట బల్ల మీద కూర్చుని ఈ పుస్తకం తిరగేస్తూ ఉండవచ్చు. లోపల మీ బిడ్డకు సెలైన్ ఎక్కుతూ ఉండవచ్చు. రక్తపరీక్ష రిపోర్టు కోసం ఎదురుచూస్తూ ఉండవచ్చు. ఇలాంటి సమయంలో బడి మాటలు, అంగన్‌వాడీ మాటలు ఎందుకు అని మీకు అనిపించవచ్చు. నేను ఇరవై ఏళ్ళకు పైగా నర్సుగా పనిచేస్తున్నాను. వార్డుకు వచ్చే చాలామంది చిన్నపిల్లల ఆరోగ్యానికీ, వాళ్ళు పగలంతా ఎక్కడ ఉంటున్నారు, ఎవరి దగ్గర ఉంటున్నారు అనే సంగతికీ దగ్గర సంబంధం ఉందని ఈ ఏళ్ళలో తెలుసుకున్నాను. ఆ సంగతి ఒక బాబు వల్ల నాకు బాగా అర్థమైంది.

నేను అడగని ప్రశ్న

కొన్నేళ్ళ క్రితం రెండేళ్ళ బాబును నిమ్ము చేసిందని తీసుకొచ్చారు. అమ్మానాన్న మిరప కోతలకు వెళ్ళేవారు. బాబు దగ్గర నాయనమ్మ, ఎనిమిదేళ్ళ అక్క ఉన్నారు. ఆరు రోజులకు జ్వరం తగ్గి, ఆయాసం తగ్గి, బాబు అన్నం తినడం మొదలుపెట్టాడు. డిశ్చార్జి రోజున మందులు ఎలా వేయాలో చెప్పాను. టీకాల కార్డు చూశాను. ఒక్క ప్రశ్న మాత్రం అడగలేదు. "ఈ బాబు పగలంతా ఎక్కడ ఉంటాడమ్మా? ఎవరితో మాట్లాడతాడు?" అని.

రెండేళ్ళు గడిచాక అదే బాబు చెవిలో చీము కారుతోందని మళ్ళీ వచ్చాడు. నాలుగేళ్ళు నిండాయి. రెండు మూడు మాటలు తప్ప ఏమీ రావు. "వాళ్ళ నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి సిస్టరమ్మా" అంది నాయనమ్మ. నేను బాబు వెనక నిలబడి స్టీలు గిన్నె మీద చెంచాతో కొట్టాను. పక్క మంచం మీది పాప తిరిగి చూసింది. బాబు తిరగలేదు. వినికిడి పరీక్ష చేయిస్తే రెండు చెవులూ సరిగా వినపడవని తేలింది.

అంగన్‌వాడీ వాళ్ళ ఇంటికి నాలుగిళ్ళ అవతలే ఉంది. రిజిస్టరులో బాబు పేరు కూడా ఉంది. గుడ్లు ఇంటికి తెచ్చుకునేవారు. బాబును మాత్రం పంపలేదు. "అక్కడ ఏం చెప్తారమ్మా, ఆడుకోవడమే కదా. ఆ ఆడుకునేదేదో ఇంట్లోనే ఆడుకుంటాడు, అక్క చూసుకుంటుంది" అనుకున్నారు. ఆ అక్క అప్పటికి బడి మానేసి రెండేళ్ళు దాటింది.

ఇంట్లో వాళ్ళకు బాబు మీద ప్రేమ తక్కువై కాదు. ఇంట్లో అందరూ వాడి ముఖం చూసి, చేయి చూపించి మాట్లాడేవారు. వాడు సైగలు చూసి పని చేసేవాడు. పోల్చి చూడడానికి అదే వయసు పిల్లలు ఇంట్లో లేరు. పదిమంది పిల్లల మధ్య కూర్చున్నప్పుడు టీచర్ పేరు పిలిస్తే తొమ్మిదిమంది తిరిగి, ఒక్కడు తిరగకపోతే నాలుగు రోజుల్లో ఎవరో ఒకరు గమనిస్తారు.

ఆ బాబుకు చెవి మిషన్లు పెట్టించారు. మాట నేర్పే శిక్షణకు వెళ్ళాడు. ఇప్పుడు మాట్లాడుతున్నాడు. అయినా మాటలు నేర్చుకునే ఆ మొదటి సంవత్సరాలను ఎవరూ తిరిగి ఇవ్వలేరు. రెండేళ్ళ వయసులో వాడు నా చేతుల్లోనే ఉన్నాడు. ఆ రోజు నేను అడిగి ఉంటే, వాడు వింటున్నాడో లేదో చూసి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను. అప్పటి నుండి డిశ్చార్జి రాసేటప్పుడు ప్రతి కుటుంబాన్నీ ఆ ప్రశ్న అడుగుతున్నాను. ఈ పుస్తకం ద్వారా మిమ్మల్నీ అడుగుతున్నాను.

అంగన్‌వాడీ అంటే గుడ్డు, పప్పు మాత్రమేనా?

'అంగన్' అంటే ముంగిలి. మహారాష్ట్రలో తారాబాయి మోడక్ అనే విద్యావేత్త బీద పిల్లలు బాలవాడికి రావడం లేదని గమనించి, బాలవాడినే వాళ్ళ ముంగిళ్ళలోకి తీసుకువెళ్ళారు. అంగన్‌వాడీ అనే ఆలోచన అక్కడి నుండి వచ్చింది. కాబట్టి ఈ పేరులో మొదటి నుండీ ఉన్నది చదువే.

ప్రభుత్వం 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకాన్ని దేశంలో 33 బ్లాకులలో ప్రారంభించింది. దానినే ఐసిడిఎస్ అంటారు. అందులో ఆరు సేవలు ఉన్నాయి:

1. అదనపు పోషకాహారం
2. టీకాలు
3. ఆరోగ్య పరీక్షలు
4. అవసరమైతే పెద్ద ఆసుపత్రికి పంపించడం
5. 3 నుండి 6 ఏళ్ళ పిల్లలకు బడికి ముందు విద్య
6. తల్లులకు ఆహారం, ఆరోగ్యం గురించి చెప్పడం

చాలా కుటుంబాలు మొదటి రెండింటిని వాడుకుంటాయి. ఐదవదాన్ని వదిలేస్తాయి. గుడ్డు ఇంటికి వస్తుంది, బిడ్డ కేంద్రానికి వెళ్ళదు.

ఆహారం సంగతిలో కూడా ఒక మాట చెప్పాలి. 2013 జాతీయ ఆహార భద్రత చట్టం ప్రకారం 3 నుండి 6 ఏళ్ళ బిడ్డకు అంగన్‌వాడీలో ఉదయం అల్పాహారం, మధ్యాహ్నం వేడి భోజనం అందాలి. ఒక కోడిగుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఇంటికి తెచ్చిన గుడ్డు అందరి కూరలో కలిసిపోతుంది. కేంద్రంలో కూర్చున్న బిడ్డ తన గుడ్డు తానే తింటుంది. పక్కన పదిమంది తింటుంటే, ఇంట్లో మారాం చేసే బిడ్డ కూడా ముద్ద నోట్లో పెట్టుకుంటుంది.

ఆటలో చదువు ఏముంది?

2020 జాతీయ విద్యా విధానం ఒక సంగతి స్పష్టంగా చెప్పింది. బిడ్డ మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ళలోపే జరుగుతుంది. ఆ ఎదుగుదలకు తిండి ఎంత అవసరమో, మాట, ఆట, స్పర్శ, ప్రేమ కూడా అంతే అవసరం. 2002లో జరిగిన 86వ రాజ్యాంగ సవరణ కూడా ఆరేళ్ళు నిండేవరకు పిల్లలందరికీ సంరక్షణ, విద్య అందించడానికి ప్రభుత్వం కృషి చేయాలని 45వ అధికరణంలో చేర్చింది.

అంగన్‌వాడీలో మీకు ఆటగా కనిపించేది బిడ్డకు పని. కొన్ని ఉదాహరణలు చూడండి.

- రంగు పూసలను వేరు చేయడం: ఏది ఏ గుంపులోదో తెలుస్తుంది. లెక్కలకు ఇదే మొదటి మెట్టు.
- దారానికి పూసలు గుచ్చడం, మట్టితో బొమ్మలు చేయడం: వేళ్ళకు బలం వస్తుంది. రేపు పెన్సిలు పట్టేది ఆ వేళ్ళే.
- పాటకు చప్పట్లు కొట్టడం: వినడం, గుర్తుంచుకోవడం, మాటను ముక్కలుగా పలకడం వస్తుంది.
- కథ విని మళ్ళీ చెప్పడం: ముందు ఏమైంది, తర్వాత ఏమైంది అనే వరుస తెలుస్తుంది.
- చెమ్మచెక్క, దాగుడుమూతలు: తన వంతు వచ్చేవరకు ఆగడం, ఓడిపోతే ఓర్చుకోవడం అలవాటవుతుంది.
- చేతులు కడుక్కుని వరుసలో కూర్చోవడం, తన పళ్ళెం తాను తీయడం: తన పని తాను చేసుకోగలననే ధైర్యం వస్తుంది.

ఒక జాగ్రత్త. మూడేళ్ళలోపు పిల్లలకు చింతగింజలు, శనగలు, బఠాణీలు, చిన్న పూసలు ఆడుకోవడానికి ఇవ్వవద్దు. ముక్కులో, చెవిలో దూర్చుకున్న పిల్లలను మేము తరచుగా చూస్తాము. గింజ ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం. పెద్ద పిల్లలు వాటితో ఆడుకునేటప్పుడు కూడా పెద్దవాళ్ళు పక్కనే ఉండాలి.

పలక, బలపం ఎప్పుడు?

"అంగన్‌వాడీలో అ, ఆలు రాయించడం లేదు. అప్పు చేసైనా ఎల్‌కేజీలో వేద్దామా?" అని కొందరు అడుగుతారు. మీ శక్తిని బట్టి ఎక్కడ చేర్చాలన్నది మీ ఇష్టం. ఎక్కడ చేర్చినా, అక్కడ పిల్లలు ఆడుతున్నారా, పాడుతున్నారా, మాట్లాడుతున్నారా అని చూడండి. మూడేళ్ళ బిడ్డను గంటల తరబడి బెంచీ మీద కూర్చోబెట్టి నాలుగు పేజీలు రాయిస్తుంటే, అది ఇంగ్లీషు బడి అయినా బిడ్డకు మేలు కాదు.

మన మణికట్టులో 8 చిన్న ఎముకలు ఉంటాయి. మూడేళ్ళ బిడ్డ చేతికి ఎక్స్‌రే తీస్తే వాటిలో రెండో మూడో మాత్రమే కనిపిస్తాయి. మిగిలినవి ఇంకా మెత్తని మృదులాస్థిగానే ఉంటాయి. ఆ చేతితో బలవంతంగా రాయిస్తే చేయి నొప్పి పుడుతుంది, చదువంటే భయం పుడుతుంది. మొదట ఇసుకలో గీతలు, గోడ మీద సుద్దముక్కతో సున్నాలు, బొమ్మలకు రంగులు. అక్షరాలు వాటి వెనుక వస్తాయి.

పేరు ఉంటే చాలదు, బిడ్డ వెళ్ళాలి

వారానికి ఒకరోజు వెళ్ళే బిడ్డ ప్రతిసారీ కొత్త చోటుకు వెళ్ళినట్టు ఏడుస్తుంది. రోజూ వెళ్ళే బిడ్డ సాధారణంగా కొద్ది వారాల్లో అలవాటు పడుతుంది. మొదటి రోజుల్లో అమ్మగానీ నాయనమ్మగానీ కాసేపు పక్కన కూర్చోండి. తర్వాత కొంచెం కొంచెంగా సమయం తగ్గించండి. చెప్పకుండా దొంగచాటుగా వెళ్ళిపోకండి. "అన్నం తిన్నాక వస్తాను" అని చెప్పి, చెప్పిన వేళకు రండి. మీ మాట మీద బిడ్డకు నమ్మకం కుదిరితే ఏడుపు తగ్గుతుంది.

ఇంట్లో పెద్ద బిడ్డ ఉంటే ఇంకో సంగతి ఆలోచించండి. చిన్నవాడిని చూసుకోవడానికి పెద్దపిల్లను బడి మాన్పిస్తే ఇద్దరి చదువూ పోతుంది. పైన చెప్పిన బాబు ఇంట్లో అదే జరిగింది. బాబును అంగన్‌వాడీకి పంపడం మొదలుపెట్టాక అక్క మళ్ళీ బడికి వెళ్ళింది. తన ఈడు పిల్లల కంటే వెనుకబడి, చిన్నపిల్లల పక్కన కూర్చుంది. సిగ్గుపడినా మానలేదు.

కుటుంబాలు అడిగే ప్రశ్నలు

పదిమందిలో ఉంటే జలుబు, జ్వరం అంటుకోవా?

మొదటి ఏడాది జలుబులు కొంచెం ఎక్కువగా రావచ్చు. అందుకు భయపడి మాన్పించవద్దు. టీకాలన్నీ సమయానికి వేయించండి. 16 నుండి 24 నెలల మధ్య వేసే బూస్టరునూ, 5 నుండి 6 ఏళ్ళ మధ్య వేసే డిపిటి బూస్టరునూ చాలామంది మరచిపోతారు. తినే ముందు, దొడ్డికి వెళ్ళిన తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవడం నేర్పండి. జ్వరం, విరేచనాలు ఉన్న రోజుల్లో పంపకండి. ఆటలమ్మ పోస్తే పొక్కులన్నీ పెచ్చు కట్టేవరకు ఇంట్లోనే ఉంచండి.

మా బిడ్డ నీరసంగా ఉంది. కోలుకున్నాక ఎప్పుడు పంపాలి?

డిశ్చార్జి రోజున డాక్టరుగారిని అడగండి. పోషకాహార లోపం ఉన్న బిడ్డ అయితే మరీ తప్పకుండా పంపాలి. అక్కడ బరువు, ఎత్తు చూస్తారు. ఐదేళ్ళలోపు పిల్లలకు రంగుల టేపుతో జబ్బ చుట్టుకొలత చూస్తారు. 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉంటే టేపు ఎరుపు చూపిస్తుంది. అప్పుడు ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రావాలి. అది తీవ్రమైన లోపం.

మాకు మూడు నెలలు వలస పని. అప్పుడు ఎలా?

కర్నూలు వైపు నుండి గుంటూరు వైపు మిరప, పత్తి పనులకు వచ్చే కుటుంబాలు ఈ మాట ఎక్కువగా అడుగుతాయి. పనికి వెళ్ళిన ఊరిలోని అంగన్‌వాడీ టీచర్‌ను కలవండి. మీ ఊరి కేంద్రం పేరు, టీకాల కార్డు, ఆధార్ ఉంటే దాని జిరాక్సు దగ్గర పెట్టుకోండి. బయలుదేరే ముందు మీ ఊరి టీచర్‌కు కూడా చెప్పండి. ఇప్పుడు వివరాలు ఫోన్లో పోషణ్ ట్రాకర్‌లో నమోదు చేస్తున్నారు కాబట్టి బిడ్డ పేరును కొత్త చోటికి మార్చే వీలు ఉంది.

అక్కడ వండే ఆయమ్మ మా వాళ్ళు కాదు. ఎలా పంపేది?

ఈ మాట కొందరు మెల్లగా, కొందరు గట్టిగానే అంటారు. నేను ఒక్కటే చెబుతాను. మీ బిడ్డకు రక్తం ఎక్కించవలసి వచ్చినప్పుడు ఆ సీసా ఎవరిదని మీరు అడగలేదు. గ్రూపు కలిసిందా అని మాత్రమే అడిగారు. వండిన చేయి శుభ్రంగా ఉందా అని చూడండి. అంతవరకే చూడండి.

మా బిడ్డ నడవలేదు, మాట సరిగా రాదు. తీసుకుంటారా?

తీసుకోవాలి. ఇలాంటి బిడ్డలకే తోటిపిల్లల అవసరం ఎక్కువ. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వచ్చి పిల్లలను పరీక్షించాలి. పుట్టుకతో వచ్చిన లోపాలు, పోషక లోపాలు, జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యం ఉంటే పై ఆసుపత్రికి పంపిస్తారు. ఆ రోజు బిడ్డ అక్కడ లేకపోతే పరీక్ష దాటిపోతుంది.

మా కేంద్రం సరిగా తెరవరు. ఏం చేయాలి?

ఇది కూడా కొన్నిచోట్ల నిజమే. ముందుగా టీచర్‌తో మర్యాదగా మాట్లాడండి. ఆమె మీద ఇతర పనులు కూడా చాలా ఉంటాయి. మారకపోతే నలుగురు తల్లులు కలిసి సూపర్‌వైజరునో, సిడిపిఓ గారినో కలవండి. అసలు కేంద్రమే లేని పేటలో ఆరేళ్ళలోపు పిల్లలు 40 మంది ఉంటే, అడిగిన మూడు నెలల్లో కేంద్రం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2006 డిసెంబరు 13న చెప్పింది.

ఈ గుర్తులు కనిపిస్తే ఆగకండి

"నిదానంగా అదే వస్తుంది" అని ఎదురుచూడవద్దు. మీ బిడ్డలో వీటిలో ఏదైనా ఉంటే వెంటనే చూపించండి.

- ఏడాది నిండినా పేరు పిలిస్తే తిరగకపోవడం
- ఏడాదిన్నర నిండినా నడవకపోవడం, ఒక్క మాట కూడా రాకపోవడం
- రెండేళ్ళు నిండినా "అమ్మా రా", "పాలు కావాలి" లాంటి రెండు మాటలు కలిపి అనలేకపోవడం
- మూడేళ్ళు నిండినా చిన్న చిన్న పనులు చెబితే అర్థం కాకపోవడం, తరచుగా పడిపోవడం
- ముఖంలోకి చూడకపోవడం, తోటిపిల్లల వైపు పోకపోవడం
- వచ్చిన మాటలు మళ్ళీ పోవడం
- చెవిలో చీము మాటిమాటికీ కారడం. చెవిలో నూనె, పసరు పోయకండి

సాయంత్రం ఇంట్లో ఒక పావుగంట

అంగన్‌వాడీకి పంపితే మన పని అయిపోలేదు. కూలి నుండి వచ్చి అలసిపోయి ఉంటారని తెలుసు. అయినా ఒక పావుగంట బిడ్డకు ఇవ్వండి. అన్నం కలుపుతూ, "ఈ రోజు ఏ పాట పాడారు? నీ పక్కన ఎవరు కూర్చున్నారు?" అని అడగండి. చెప్పేవరకు ఆగి వినండి. టమాటాలు లెక్కపెట్టమనండి, బట్టల్లో తన గౌను వెతకమనండి. నాయనమ్మ, తాతయ్య చెప్పే కథను మించిన పాఠం లేదు.

సెల్‌ఫోన్ చేతికి ఇచ్చి అన్నం పెట్టే అలవాటు మానండి. రెండు నుండి నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు గంట కంటే ఎక్కువ వద్దని, అంతకంటే తక్కువైతే ఇంకా మంచిదని, రెండేళ్ళలోపు పిల్లలకు అసలు అలవాటు చేయవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఫోన్ మాట్లాడుతుంది గానీ బిడ్డ మాట వినదు.

డిశ్చార్జికి ముందు

ఇంటికి వెళ్ళే ముందు ఈ నాలుగు సంగతులు కుటుంబమంతా కలిసి మాట్లాడుకోండి.

1. మా బిడ్డకు మూడేళ్ళు నిండాయా? నిండితే ఏ రోజు నుండి అంగన్‌వాడీకి పంపుతాము?
2. ఉదయం ఎవరు దింపుతారు? ఎవరు తీసుకొస్తారు?
3. టీకాల కార్డు, ఆసుపత్రి చీటీ టీచర్‌కు ఎవరు చూపిస్తారు?
4. ఇంట్లో పెద్ద బిడ్డ బడి మానేసి ఉంటే, ఎప్పుడు తిరిగి పంపుతాము?

మేము ఇచ్చే మందు వారానికో, పది రోజులకో అయిపోతుంది. ఆ తర్వాత బిడ్డను కాచేది మీరు, మీ ఊరి టీచర్, ఆయమ్మ, ఏఎన్ఎమ్, ఆశా కార్యకర్త. మళ్ళీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు నన్నుగానీ, డ్యూటీలో ఉన్న ఏ సిస్టర్‌నుగానీ పిలవండి. బిడ్డ బరువు ఎంత పెరిగిందో చూస్తాము. ఆ వారం అంగన్‌వాడీలో ఏ పాట నేర్చుకుందో కూడా అడుగుతాము. మీ బిడ్డే పాడి వినిపించాలి.